బ్యాంకులో ఉన్న మాలకొండయ్య

మా బ్యాంకు లెక్కలో పాలేటి మాలకొండయ్య చాలా మంచివాడు. నెమ్మదస్తుడు. ఎవరు ఎన్నిసార్లు ఫోను చేసినా విసుక్కోడు. పెట్టేసే ముందు అవతలివాణ్ణి అన్నం తిన్నావా అని అడుగుతాడు. ఆయనది ఆడగొంతు. దానికి బ్యాంకుకు అభ్యంతరం లేదు.

నేనూ పాలేటి మాలకొండయ్యనే. నాకు మీసం ఉంది. గొంతు రంపం. పొగాకు కంపెనీలో బాయిలరు దగ్గర ఆయుష్షంతా అరిచి అరిచి అది అట్లా తయారైంది. అవతలివాడు తిన్నాడో పస్తున్నాడో నేను ఎన్నడూ అడిగినవాణ్ణి కాదు. మేమిద్దరం ఒకటి కాదని బ్యాంకు తేల్చింది. నిదానంగా ఆలోచిస్తే వాళ్ళ తప్పేమీ కనపడదు. నాకు నిదానంగా ఆలోచించే అలవాటు లేదు కాబట్టి గొడవైంది.

అది ఫ్రిజ్జుతో మొదలైంది. నా భార్య పెంచలమ్మ పోయినప్పటి నుంచి నేను ఒకనాడు పప్పు వండి నాలుగు రోజులు తింటున్నాను. దీన్ని కొందరు దుఃఖం అనుకున్నారు. బద్ధకం. ఈ పద్ధతికి ఫ్రిజ్జు కావాలి. ఎండలు ముదిరే ముందు అది చచ్చింది. మర్నాటికి పప్పు నురగ కట్టింది. బాగుచేసేవాడు వచ్చి దాని వెనక చెయ్యిపెట్టి చూసి, పెద్దాసుపత్రి డాక్టరులాగా తల అడ్డంగా ఊపి, చూసినందుకు డబ్బులు తీసుకుని పోయాడు.

కందుకూరులో ఫ్రిజ్జుల కొట్టు పెద్దది ఒకటుంది. వాయిదాల మీద ఇస్తామన్నారు. క్రెడిట్ కార్డు ఉండాలన్నారు. నాకు లేదన్నాను. కొట్టులో కుర్రాళ్ళు నన్ను, చొక్కా లేకుండా పెళ్ళికి వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు.

బ్యాంకుకు పోతే అక్కడ తోరణాలు కట్టి ఉన్నాయి. కార్డుల మహోత్సవం జరుగుతోంది. మేనేజరు చక్రధర్ కుర్రవాడు. మా ఊరి ఎండలో కూడా మెడకు టై కట్టుకునే ధైర్యవంతుడు. నన్ను కూర్చోబెట్టి, నా వంటి విలువైన ఖాతాదారు ముంగిట్లోకి రుణ సౌలభ్యాన్ని చేర్చడమే తమ సంస్థ ధ్యేయం అన్నాడు. నా ముంగిట్లో చచ్చిన ఫ్రిజ్జు ఉంది, దాన్ని తీయించాక చేర్చమన్నాను. ఆయన నవ్వలేదు. ఉత్సవం పూర్తి కావడానికి ఆయనకు ఇంకా కొన్ని కార్డులు తక్కువ పడ్డాయట. ఆ సంగతి ముఖం మీదే ఉంది.

నేను నేనేనా అని చూడటం మొదలుపెట్టారు. ఆధార్ చూశారు, సరిపోయింది. పాన్ కార్డు చూశారు. బొటనవేలు నొక్కించారు. కంట్లోకి దీపం పెట్టి చూశారు. ఒక కెమెరా ముందు నిలబెట్టి కుడివైపు తిరగమన్నారు, ఎడమవైపు తిరగమన్నారు, కళ్ళు ఆర్పమన్నారు, నవ్వమన్నారు. నవ్వడం దగ్గర కొంత ఆలస్యమైంది. చివరికి కెమెరాయే విసిగి ఒప్పుకుంది.

ఇక గొంతు ఒక్కటే మిగిలిందన్నాడు చక్రధర్. మా బ్యాంకులో స్వరసాక్షి అని ఒక పథకం ఉంది. వేలిముద్ర అరిగిపోతుంది, ముఖం ముడతలు పడుతుంది, సంతకం వణుకుతుంది, మానవుడి ఆత్మకు అత్యంత సమీపంలో ఉండేది స్వరం ఒక్కటే అని ఆయన నాకు బోధించాడు. ఆయన వెనక గోడ మీద బొమ్మలో కూడా అదే రాసి ఉంది.

ఫోను చేతికిచ్చారు. అందులో ఒక మిషను మాట్లాడింది. మీ పూర్తిపేరు చెప్పి, నా గొంతే నాకు సాక్షి అనండి, అంది.

నేను పాలేటి మాలకొండయ్యను, నా గొంతే నాకు సాక్షి, అన్నాను.

"క్షమించండి. మీరు మాలకొండయ్య గారు కాదు. మీ రోజు శుభప్రదం కావాలి," అంది మిషను.

మళ్ళీ చెప్పాను. మళ్ళీ శుభప్రదం కావాలంది. చక్రధర్ మంచినీళ్ళు తెప్పించాడు. తాగి చెప్పాను. మిషను తన అభిప్రాయం మార్చుకోలేదు. అప్పుడు చక్రధర్ బల్ల మీదున్న నా ఆధార్ కార్డును మెల్లగా తనవైపుకు జరుపుకున్నాడు. ఆయన ముఖంలో బంధుత్వం పోయింది.

"ఈ క్షణం నుంచి మిమ్మల్ని దరఖాస్తుదారుగా చెప్పుకుంటున్న వ్యక్తి అని సంబోధించాలండీ. నిబంధన. మనసులో పెట్టుకోవద్దు," అన్నాడు.

నేను మనసులో పెట్టుకోలేదు. బయటికే అన్నాను. గార్డు లోపలికి వచ్చాడు.

చక్రధర్ కంప్యూటరులోకి చూసి, బాధగా, ఒక సంగతి చెప్పాడు. అసలు మాలకొండయ్య గారి గురించి వాళ్ళ ఫోను విభాగం ఏళ్ళ తరబడి మంచి మాటలే రాసిపెట్టిందట. ఓర్పు గలవారు. ఆప్యాయంగా పలకరిస్తారు. ఒకసారి ఉగాదికి ఉత్తమ సంభాషణ గల ఖాతాదారు అని ప్రశంసాపత్రం కూడా పంపారట. ఆయన అట్లాంటి వారు, ఇప్పుడు మీరు నా ఎదుట మాట్లాడిన మాటలు ఆయన నోట వచ్చే అవకాశమే లేదు అన్నాడు. ఆ ప్రశంసాపత్రం మా ఇంట్లో ఉంది. అది ఎందుకు వచ్చిందో తెలియక నేను దాన్ని చాలాకాలం ఉప్పు డబ్బా మీద మూతగా వాడాను.

ఇంటికి వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడి తిడుతుంటే పక్కింటి మస్తాన్‌బీ బట్టలు ఆరేస్తూ విన్నది. ఆమె నన్ను అన్నా అంటుంది. పెంచలమ్మను వదినె అనేది. చెల్లెలి వరస కాబట్టి నన్ను తిట్టే హక్కు తనకుందని ఆమె నమ్మకం. ఎవరూ ఆ హక్కును ఇంతవరకు సవాలు చేయలేదు.

సంగతంతా విని ఆమె నవ్వింది. నవ్వు ఆపడానికి దండెం పట్టుకుంది.

"నీ పేరు మీద ఏ ఫోనొచ్చినా వదినే గదన్నా మాట్టాడేది. నువ్వెత్తితే అవతలోడు జన్మలో మళ్ళా చేస్తాడా?"

బ్యాంకువాళ్ళు మాలకొండయ్య గారేనా అని అడిగితే పెంచలమ్మ అవునయ్యా అనేదట. కాదంటే నన్ను పిలవాలి. పిలిస్తే నేను తిడతాను. అవతలివాడు ఆ తిట్లు తిని ఫోను పెట్టేస్తాడు, మిగిలినవి ఇంట్లోవాళ్ళకు మిగులుతాయి. అందుకని ఆమె తానే మాలకొండయ్య అయి పని జరిపించేది. గ్యాసు వాళ్ళకు ఆమే మాలకొండయ్య. కరెంటు ఆఫీసుకు ఆమే. ఈ స్వరసాక్షి అనేదాని కోసం ఫోను వచ్చిన రోజు మస్తాన్‌బీ మా వంటింట్లోనే ఉందట. పొయ్యి మీద కుక్కరు ఉంది. కందిపప్పు.

"పూర్తి పేరు చెప్పమన్నాడంట ఫోన్లో. వదినె మొకం ఎర్రబడిపోయింది. నన్ను బయటికి పొమ్మంది. నేను నీళ్ళతొట్టి కాడ నిలబడ్డా. కుక్కరు ఈలేసింది. తరవాత పిలిచింది. ఏం చెప్పిందో నాకు తెలవదు," అంది మస్తాన్‌బీ. ఈసారి నవ్వలేదు.

ఇది ఆలోచించవలసిన విషయం. పెంచలమ్మ నా పేరు ఎన్నడూ పలకలేదు. మొగుడి పేరు పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని వాళ్ళ అమ్మ చెప్పి పంపింది. లెక్క ఎక్కడో తప్పింది, ఆమె పోయింది, నేను ఉన్నాను. మాకు పిల్లలు లేరు. ఉంటే ఫలానావాడి నాన్నా అని పిలిచే వీలుండేది. అదీ లేక, ఏమయ్యా, ఇదిగో, వింటుండావా, వీటితోనే ఆమె కాపురం ఈడ్చింది. జనాభా లెక్కల మనిషి వచ్చి ఇంటాయన పేరేమిటమ్మా అంటే, శనివారం సామి పేరు, అని చెప్పింది. మాలకొండ మీద నరసింహస్వామి గుడి వారానికి శనివారం ఒక్కనాడే తెరుస్తారు. ఆ మనిషి ఈ ప్రాంతంవాడు కాదు. వెంకటేశ్వర్లు అని రాసుకుని పోయాడు.

మరి బ్యాంకుకు ఏమని చెప్పింది? శనివారం సామి అంటే మిషను ఒప్పుకోదు. మిషనుకు సూచనలు పనికిరావు.

ఆ రోజు నుంచి నాకు ఫ్రిజ్జు మీద ధ్యాస కొంత తగ్గింది. అయితే దాన్ని నేను ఒప్పుకోలేదు. ఫ్రిజ్జు కోసమే మళ్ళీ బ్యాంకుకు పోతున్నానని మస్తాన్‌బీకి చెప్పాను. ఆమె సరే అంది. ఆమె సరే అంటే నమ్మలేదని అర్థం.

చక్రధర్‌తో నిజం చెప్పాను. ఆ గొంతు నా భార్యది, ఆమె లేదు, దాన్ని ఒకసారి నాకు వినిపించమన్నాను. ఖాతాదారు స్వరం అత్యంత గోప్యమైనది, ఖాతాదారుకు తప్ప ఇతరులకు వినిపించరాదు అన్నాడు. నేనే ఖాతాదారును అన్నాను. ఆ సంగతి మీ గొంతు ధ్రువీకరించడం లేదు కదండీ అన్నాడు. పోనీ కొత్తగా నా గొంతు రాసుకోమన్నాను. గొంతు మార్పుకు అర్జీ పెట్టుకోవచ్చు, అయితే ఆ అర్జీని నమోదైన గొంతుతో ఫోనులో చెప్పాలి అన్నాడు.

మరణ ధ్రువపత్రం తెచ్చి బల్ల మీద పెట్టాను. దాన్ని చదివి చక్రధర్ లేచి నిలబడి ఒక నిమిషం తల వంచాడు. ఆ మర్యాద వరకు బాగానే ఉంది. కూర్చున్నాక చెమట తుడుచుకుంటూ విశదం చేశాడు. ఈ గొంతు గల వ్యక్తి మరణించినట్టు ఇప్పుడు బ్యాంకు దృష్టికి వచ్చింది. ఈ గొంతు గల వ్యక్తి మాలకొండయ్య గారు. కాబట్టి మాలకొండయ్య గారు పరమపదించారు. ఖాతా ఆయన నామినీ పెంచలమ్మ గారికి చెందుతుంది. ఆవిడ కూడా లేరని ఇదే పత్రం చెబుతోంది. ఆవిడ వారసుడు భర్త మాలకొండయ్య గారు. ఆయన ఇప్పుడే పరమపదించారు.

"దంపతులిద్దరికీ మా శాఖ తరఫున ప్రగాఢ సంతాపమండీ," అన్నాడు.

థాంక్స్ అన్నాను. నాకోసం సంతాపం చెప్పినవాడు ఇంతవరకు ఆయన ఒక్కడే.

నేనొక్కణ్ణే ఇట్లా ఉన్నానని అనుకున్నాను. లేదు. మహోత్సవం సాగిన కొద్దీ ఊళ్ళో మగవాళ్ళందరికీ ఇదే గతి పట్టింది. కందుకూరులో ఇంటికి వచ్చిన ఫోను ఏ మగవాడూ ఎత్తలేదని అప్పుడు బయటపడింది. గుమాస్తాలు, పంతుళ్ళు, ఎరువుల కొట్టు ఓనర్లు, అందరూ బ్యాంకు లెక్కలో ఆడగొంతులే. జిల్లా కేంద్రానికి కబురు పోయింది. అక్కడి నుంచి స్వరసాక్షి ప్రాంతీయ సమన్వయాధికారిణి వైదేహి మేడమ్ కారులో దిగింది.

ఆమె మమ్మల్నందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది. మనిషికి తగ్గట్టు గొంతును సవరించడం వ్యవస్థకు భారం, గొంతుకు తగ్గట్టు మనిషిని సవరించడం సులభం, సంస్థ రెండో మార్గాన్ని ఎంచుకుంది అని చెప్పింది. ముందు వరసలో కొందరు చప్పట్లు కొట్టారు. వాళ్ళు బ్యాంకు సిబ్బంది.

భార్యలు ఉన్నవాళ్ళు భార్యలను తెచ్చుకోవచ్చంది. ఆడవాళ్ళు వచ్చారు. వచ్చి, ఫోను పట్టుకుని, మొగుడి వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. పేరు రాదు. మేడమ్ పరదా కట్టించింది. పరదా వెనక పేర్లు గుసగుసగా వచ్చాయి, మిషను గట్టిగా చెప్పమంది. ఎరువుల కొట్టాయన భార్యకు మాత్రం ఏ తడబాటూ రాలేదు. మొగుడి పేరు ఒక్కసారి చెప్పమంటే వరసగా చాలాసార్లు చెప్పింది. మధ్య మధ్య కొన్ని విశేషణాలు చేర్చింది. మిషను వాటిని కూడా ఒప్పుకుంది. పరదా ఇవతల ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. ఆయనకు ఆ పూటే కార్డు వచ్చింది.

చివరికి పెళ్ళాలు పోయినవాళ్ళం, పెళ్ళాలు పుట్టింటికి పోయినవాళ్ళం కొద్దిమందిమి మిగిలాం. మా కోసం స్వర సమన్వయ శిక్షణ పెట్టారు. వరస కుర్చీల్లో కూర్చుని, తలా ఒక ఫోను పట్టుకుని, మేమెవరి చేత తిట్లు తిన్నామో వాళ్ళ గొంతులు పెట్టి మా పేర్లు మేము చెప్పుకోవాలి. పొడిదగ్గు రిటైర్డు పంతులు ఒకాయన నా పక్కన కూర్చుని సన్నగొంతుతో తన పేరు చెప్పి, ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. నాటకాల్లో ఆడవేషాలు కట్టే పెద్దాయన్ని ఒంగోలు నుంచి పిలిపించారు. ఆయన మా గొంతులు కాసేపు విని, పారితోషికం కూడా వద్దని బస్సెక్కాడు.

నా గొంతును మేడమ్ స్వయంగా పరిశీలించింది. దరఖాస్తుదారుగా చెప్పుకుంటున్న వ్యక్తి స్వరంలో సౌమ్యత పూర్తిగా లోపించింది అని రాసింది. అది నిజం. దాని కింద ఇంకొకటి రాసింది. నమోదైన నమూనాలో ఒక ఈల ఉంది, అది మాలకొండయ్య గారి గుర్తింపులో విడదీయరాని భాగం, దాన్ని కూడా సమర్పించాలి.

కుక్కరు తెచ్చాను.

బ్యాంకులో మంట పెట్టకూడదు కాబట్టి చక్రధర్ తన ఇంటి నుంచి కరెంటు పొయ్యి తెప్పించాడు. ఖాతాదారు గుర్తింపు నిమిత్తం ఒకసారి వంట చేయుటకు అనుమతి అని కాగితం మీద రాసి సీలు వేశాడు. మస్తాన్‌బీ చెప్పినట్టే కందిపప్పు పోశాను. కుక్కరు మారకూడదని మేడమ్ షరతు పెట్టింది, అది పాతదే. క్యాషు కౌంటరు దగ్గర జనం డబ్బు సంగతి మరిచిపోయి చూస్తున్నారు. ఫోను కుక్కరు దగ్గర పట్టుకుని నేను నా పేరు చెప్పడానికి గొంతు సవరించుకుంటున్నాను. ఈలోగా అది ఈల వేసింది.

"స్వాగతం మాలకొండయ్య గారూ. చాలా కాలానికి మీ గొంతు విన్నాం," అంది మిషను.

నేనింకా నోరు తెరవలేదు. ఆత్రంగా తెరిచి నా పేరు చెప్పాను. క్షమించండి, మాలకొండయ్య గారి పక్కన ఎవరో అపరిచితులు ఉన్నట్టున్నారు, భద్రత దృష్ట్యా ఫోను పెట్టేస్తున్నాం, అంది.

మేడమ్ దీన్ని పెద్ద విజయంగా లెక్కించింది. కుక్కరు మీద కార్డు ఇవ్వవచ్చునా అని చక్రధర్ ఆశగా అడిగాడు. ఆధార్ లేదు కాబట్టి వీలుపడదంది. పప్పు సిబ్బంది మధ్యాహ్నం అన్నంలో వేసుకున్నారు. ఉప్పు తక్కువైందన్నారు. నేను వండితే పప్పులో ఉప్పు ఎప్పుడూ తక్కువే. డబ్బా మీద మూత సరిగా పట్టదు, ఉప్పు చెమ్మెక్కుతుంది.

నాకు మాత్రం ఒకటి అర్థం కాలేదు. పేరు అడిగితే మిషను ఈలను ఎందుకు ఒప్పుకుంది? ఈలకు, నా పేరుకు ఏం సంబంధం? నమూనా వింటే తప్ప తెలియదన్నాను. నేర్చుకోవాలంటే వినాలి కదా, వినకుండా ఏ పాఠం వస్తుంది అని మేడమ్‌ను నిలదీశాను. ఆమె నిబంధనలు తిరగేసింది. శిక్షణ నిమిత్తం, ఒక్కో దరఖాస్తుకు ఒక్కసారి, గాజుగదిలో, చెవిపోగుల్లాంటి ఫోన్లు పెట్టి వినిపించవచ్చు అని ఎక్కడో ఉంది. సెల్లు బయట పెట్టించి, జేబులు తడిమి, నన్ను లోపలికి పంపారు.

తలుపు వేశారు. మిషను మీ పూర్తిపేరు చెప్పండి అంది. తరవాత మా వంటిల్లు వినిపించింది. గిన్నె జరిపిన చప్పుడు. గాజుల చప్పుడు.

"నువ్వు కాసేపు బయట నిలబడు మస్తానూ," అంది పెంచలమ్మ.

తలుపు చప్పుడు. తరవాత ఏమీ లేదు. మిషను మళ్ళీ అడిగింది. ఒక్క నిమిషం అయ్యా, అంది ఆమె. దేనికోసమో కాచుకుంటోంది. దేనికోసమో నాకు తెలిసేలోపు కుక్కరు ఈల ఎత్తుకుంది. ఆ ఈల నడుమ ఆమె నోరు తెరిచింది. ఈల పేరును కప్పేసింది. ఈల తగ్గేటప్పటికి ఆఖరి ముక్క ఒక్కటి బయట పడింది. య్యను. అంతే. నా గొంతే నాకు సాక్షి, అని గబగబా అంది. తరవాత ఫోను పక్కన పెట్టి, ఎవరితోనో, మెల్లగా, తప్పు కాయి సామీ, అంది.

నీళ్ళతొట్టి దగ్గర నిలబడిన మనిషికి కూడా వినపడకుండా, ఈల వచ్చేదాకా ఆగి, ఆ ఈల చాటున చెప్పింది. మిషను పాపం తెలివి తక్కువది. ఈలే పేరనుకుంది.

బయటికి వచ్చాక మేడమ్ ఏమైనా పట్టుబడిందా అని అడిగింది. సరిగా వినపడలేదు, మళ్ళీ దరఖాస్తు పెట్టుకుంటానన్నాను. నాది ఊరిబడి చదువు. బెత్తం భయానికి కూడా అంత శ్రద్ధ చూపలేదు. ఇంకోసారి విన్నాను. ఈల మొదట్లో మా అన్నట్టు అనిపించింది. అనలేదేమో. మూడో దరఖాస్తు పెట్టాను.

ఆ మూడో దరఖాస్తు నాడు బ్యాంకులో మళ్ళీ తోరణాలు కట్టారు. పై ఆఫీసుకు కొత్త ఉత్సాహం వచ్చిందట. గొంతు పాతబడింది. మానవుడి ఆత్మకు అత్యంత సమీపంలో ఉండేది నడక అని ఇప్పుడు కనిపెట్టారు. గోడ మీద బొమ్మ మారింది. స్వరసాక్షిని మూసేస్తున్నారు. మూసే ముందు మిగిలిపోయిన ఫైళ్ళన్నీ తేల్చాలి. మా కొద్దిమందికీ ప్రత్యేక క్షమాభిక్ష ప్రకటించారు. ఫోనులో మిషను అడుగుతుంది, మీరు ఫలానా వారేనా అని. ఔను అంటే చాలు. సొంతగొంతు నమోదవుతుంది, కార్డు చేతికి వస్తుంది. పంతులు ఔనని, కార్డు జేబులో వేసుకుని, దగ్గుకుంటూ పోయాడు. నేనే ఆఖరివాణ్ణి. ఫ్రిజ్జుల కొట్టుకు చక్రధరే ఫోను చేసి చెప్పాడు. వాళ్ళు ఫ్రిజ్జును చిన్న లారీలో వేసి బ్యాంకు ముందే నిలిపారు. నా కార్డుతో ఉత్సవం పూర్తవుతుంది కాబట్టి సిబ్బంది లేచి నిలబడ్డారు. ఒకమ్మాయి చేతిలో పూలదండ కూడా ఉంది.

ఫోను చేతికిచ్చారు. నేను పట్టుకుని మేడమ్‌ను ఒక్కటి అడిగాను.

"పాతది ఏమవుతుంది?"

"చెరిగిపోతుంది. ఒక ఖాతాకు ఒకే గొంతు," అంది ఆమె.

చెరిపే ముందు దాన్ని నాకు ఇవ్వమన్నాను. మాలకొండయ్య గారు వచ్చి అడిగితే ఇస్తామంది. నేను ఔను అనగానే మాలకొండయ్యను అవుతాను కదా, అప్పుడు అడుగుతాను అన్నాను. మీరు ఔను అనగానే అది చెరిగిపోతుంది కదా అంది. ఆమె నన్ను వెక్కిరించలేదు. నిజంగానే విశదం చేస్తోంది. పోనీ, ఔను అనకపోతే ఏమవుతుందన్నాను. ఆమె చక్రధర్ వైపు చూసింది. చక్రధర్ కాగితాల వైపు చూశాడు. వివాదంలో ఉన్న గొంతును వివాదం తేలేవరకు చెరపరాదు అని ఒక నిబంధన ఉందని, అది ఇప్పుడు అప్రస్తుతమని చెప్పాడు.

"మీరు పాలేటి మాలకొండయ్య గారేనా?" అని మిషను అడిగింది.

అద్దంలోంచి లారీ కనపడుతోంది. ఫ్రిజ్జు నీలం రంగుది. రెండు తలుపులది. అందులో పప్పు వారం రోజులు ఉంటుంది.

"కాదు," అన్నాను.

"ధన్యవాదాలు. మీ సమాధానం సరైనది," అంది మిషను. దానికీ నాకూ మాట కలిసింది అదే మొదటిసారి.

దండ పట్టుకున్న అమ్మాయి దాన్ని వెనక్కి పెట్టుకుంది. చక్రధర్ కుర్చీలో కూలబడ్డాడు. వైదేహి మేడమ్ ముఖం మాత్రం కందిపోయింది. జిల్లా అంతటా మూసేసిన వ్యవస్థను ఈ ఒక్క ఫైలు కోసం నడుపుతూ ఉండాలి, మిషను నడవాలి, గాజుగది ఉండాలి, దానికో అధికారి ఉండాలి, ఇదంతా మీకు అర్థమవుతోందా అని అడిగింది. ఒక ముసలమ్మ గొంతు కోసమా అంది.

"ముసలమ్మ గాదు మేడమ్, మీ ఖాతాదారు," అన్నాను.

ఆమె ఫైలు మీద వివాదంలో ఉంది అని రాసి సీలు వేసింది.

దరఖాస్తు ఆగిపోతే వివాదం మురిగిపోతుందట. అందుకని మానకుండా పెడుతున్నాను. శనివారాలు పెడుతున్నాను. సామి మాత్రం ప్రతి శనివారం తలుపు తీస్తాడు. బ్యాంకుకు రెండోదీ నాలుగోదీ సెలవు. సామి కంటే వీళ్ళకే బెట్టు ఎక్కువ. చక్రధర్ ఇప్పుడు నన్ను చూడగానే లేచి గాజుగది తాళం తీస్తాడు. సెల్లు బయట పెట్టించడం మానేశాడు కాని నేనే అలవాటుగా పెడుతున్నాను. పోయినసారి ఆయన, మెల్లగా, ఈల కాస్త తగ్గించి వినే వీలు మిషనులో ఉందని, పెట్టమంటారా అని అడిగాడు. వద్దన్నాను. ఆమె ఎంత వినపడాలనుకుందో అంతే వింటాను. కొన్ని దరఖాస్తులకు ఒక అక్షరం తేలుతోంది. మా వచ్చింది. ల వచ్చింది. కొం దగ్గర ఉన్నాను. తొందరేమీ లేదు.

విన్నాక ఫోను తీసుకుని నా పేరు చెబుతాను. నేను మాలకొండయ్యను కాదని మిషను చెబుతుంది. సంతకం పెట్టి ఇంటికి వస్తాను.

ఫ్రిజ్జు లేదు కాబట్టి ఏ పూట పప్పు ఆ పూటే వండుకోవాల్సి వస్తోంది. బద్ధకానికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. నిన్న కుక్కరు ఈల వేస్తే, వరండాలో కూర్చున్నవాణ్ణి, ఆఁ, వస్తుండా, అన్నాను.

"ఎవురితో మాట్టాడతుండావన్నా?" అని గోడవతల నుంచి మస్తాన్‌బీ అడిగింది.

బ్యాంకువాళ్ళతో అని చెప్పాను. ఆమె సరే అంది.